కార్లు లేని పట్నం – ఒక లెక్క



కార్లు, మోటారు సైకిళ్లు లేకుండా పట్నం నడుస్తదా అంటే చాలామంది నవ్వుతరు. కాని కారు పుట్టకముందే పట్నాలు ఉన్నవి. 1591లో హైదరాబాదు కట్టినప్పుడు చార్మినార్ నుండి నాలుగు దిక్కులకు నాలుగు బాటలు వేసినరు. ఆనాడు గొప్పవాళ్లకు ఏనుగు, గుర్రం, పల్లకి. మిగతావాళ్లందరికీ కాళ్లే. అందుకని బజారు, మసీదు, ఇండ్లు, పనిచోటు దగ్గరదగ్గర ఉండేవి. ఇటలీ దేశంలోని వెనిస్ పాత నగరంలో ఇప్పటికీ కార్లు తిరగవు. సందుల్లో నడక, కాలువల్లో పడవలు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మనిషి గంటకు సుమారు 5 కిలోమీటర్లు నడుస్తడు. అంటే 5 నిమిషాలకు 400 మీటర్లు. నాగోల్ మెట్రో స్టేషన్‌ను కేంద్రం అనుకొని 400 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. వైశాల్యం 3.14 × 400 × 400 = 5,02,400 చదరపు మీటర్లు. దాదాపు 124 ఎకరాలు. సగం స్థలం బడికి, దవాఖానకు, బాటలకు, చెట్లకు వదిలి మిగతా సగంలో 100 చదరపు మీటర్లకు (సుమారు 120 గజాలు) ఒక ఇల్లు కడితే 2,500 ఇండ్లు. ఇంటికి నలుగురు చొప్పున 10,000 మంది. అదే నాలుగు అంతస్తులు కట్టి, ఇండ్ల జాగాలో మళ్లీ సగం వాకిళ్లకు వదిలినా 20,000 మంది ఉండొచ్చు. అందరికీ రైలు 5 నిమిషాల దూరంలోనే. ముసలివాళ్లు మెల్లగ నడిస్తే 8 నిమిషాలు. 20,000 మంది ఒక్కచోట ఉంటే కిరాణా కొట్టు నడుస్తది, డాక్టరు కూడా ఉంటడు. జనం పలచగ ఉన్నచోట ఏ దుకాణమూ నిలవదు. దగ్గరగ కట్టాలె అనేది అందుకే.

ఇక్కడ ఒక మాట. మా గూడెంలో కారు ఒక్కటి కూడా లేదు. ఇండ్లు దగ్గరదగ్గరే, అందరం నడిచేవాళ్లమే. మరి అది ఈ లెక్కలో మంచి ఊరేనా? కాదు. దవాఖాన 12 కిలోమీటర్లు, పెద్దబడి ఇంకా దూరం. అందుకేగా మనం హాస్టల్‌లో ఉన్నం! బండ్లు తీసేస్తే సరిపోదు. నడిచి పోయేంత దూరంలో ఏమేమి ఉన్నయి అనేదే అసలు ప్రశ్న. నాచారంలో ఫ్యాక్టరీల పక్కనే ఇండ్లు ఉన్నవి. పనికి నడిచి పోవచ్చు, కాని పొగ కూడ నడిచి ఇంట్లకు వస్తది. ఏది దగ్గర పెట్టాలె, ఏది దూరం పెట్టాలె అనేది కూడ ఆలోచించాలె.

మన నాగోల్‌కు 2017 నవంబరులో మెట్రో వచ్చింది. ఇటు ఎక్కితే రాయదుర్గం దాక పోవచ్చు. మూడు పెట్టెల రైలులో సుమారు 1,000 మంది పడతరు. కాని స్టేషన్‌కు చాలామంది బండి మీదనే వస్తరు, ఎందుకంటే ఇల్లు దూరం. 2024 ఆగస్టులో నాగోల్ స్టేషన్ దగ్గర పార్కింగ్‌కు పైసలు పెడతమంటే ప్రయాణికులు నిరసన చేసినరు. వాళ్ల బాధ వాళ్లది. కాని జాగా లెక్క చూడండి. ఒక కారు నిలపడానికి 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు కావాలె, అంటే 12.5 చదరపు మీటర్లు. మన హాస్టల్ మంచాలు నాలుగు వేసి, మధ్యల నడవనీకె, పెట్టెలు పెట్టుకోనీకె కూడ జాగా మిగులుతది. నలుగురు ఆడపిల్లలు పండుకొనే జాగాల ఒక కారు పొద్దంత పండుకుంటది. ఒక్క రైలులో ఎక్కే 1,000 మంది ఒక్కొక్కరు ఒక్కో కారులో వస్తే 12,500 చదరపు మీటర్లు, అంటే 3 ఎకరాల పైన!

మన అమ్మానాన్నలు వరంగల్ దిక్కు నుండి వస్తే ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర దిగుతరు. నాలుగు రోడ్లు కలిసే చోటు. అక్కడ 2023 జూన్ 26న స్కైవాక్ తెరిచినరు. హెచ్.ఎం.డి.ఏ. కట్టింది. పొడవు సుమారు 660 మీటర్లు. లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నవి, మెట్రో స్టేషన్‌కు కలుస్తది. బియ్యం మూట నెత్తిన పెట్టుకొని బస్సుల మధ్య దాటేదానికంటే ఇది వెయ్యి రెట్లు నయం. ప్రాణం దక్కుతది. అయినా నాకొక సందేహం. కారులో కూర్చున్నోడు నేల మీదనే సాఫీగ పోతడు, మూట మోసేటోళ్లు సుమారు 20 అడుగులు పైకి ఎక్కి దిగాలె. కార్లు లేని పట్నంలో నేల నడిచేవాళ్లది. చార్మినార్ చుట్టూ బండ్లను ఆపి రాళ్లు పరిచినరు కదా, అట్ల.

మరి బరువులు ఎవరు మోస్తరు? మహారాష్ట్రలో మాథెరాన్ అనే కొండ ఊరు ఉన్నది. అక్కడ కార్లు ఊరి బయటనే ఆగాలె. నేరల్ నుండి 1907లో వేసిన చిన్న రైలు ఉన్నది. చదివి సంతోషపడ్డ. కాని తర్వాత ఏం తెలిసిందంటే, అక్కడ మనుషులను మనుషులే రిక్షాల్లో చేతులతో లాగేవాళ్లు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ రిక్షాలను 6 నెలల్లో ఆపాలని, లాగేవాళ్లకు కరెంటు రిక్షాలు దొరికేటట్టు చేయాలని చెప్పింది. మన గూడేల్లో బాట లేక కడుపుతోని ఉన్నోళ్లను డోలీ కట్టి మోస్తరు. డోలీ మోసిన భుజం ఎట్లుంటదో మనకు తెలుసు. అందుకని కార్లు లేని పట్నంలో కూడ కరెంటుతో నడిచే చిన్న బండ్లు ఉండాలె. బియ్యం, గ్యాసు బండలు పొద్దున్నే, బడి పిల్లలు బయటికి రాకముందే వచ్చి పోవాలె. అంబులెన్సుకు, ఫైరింజనుకు మాత్రం ఏ టైముకైనా దారి ఉండాలె. సందు ఎంత చిన్నగ కట్టినా ఫైరింజను పట్టేంత వెడల్పు ఉండాలె, ఆ దారిల ఎవరూ బండి నిలపకూడదు. వెనిస్‌లో అయితే ఫైరింజనూ పడవే, అంబులెన్సూ పడవే.