వర్షపు దినమున దొరికిన చోటు

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 27:39 – 28:10



ఓడ పగిలి మెలితే ద్వీపము చేరిన 276 మందిని గూర్చిన ఈ భాగమును మనము అనేకసారులు చదివియున్నాము. దీనిపై ప్రసంగము జరిగినప్పుడెల్ల పౌలు చేతిని పట్టిన సర్పము మాటయే ముందుకు వచ్చును. దానికి ముందున్న రెండవ వచనమును మేమును త్వరగా దాటిపోవుచుంటిమి. గత వర్షకాలమున హైదరాబాదు వెళ్లి తడిసి వచ్చిన తరువాతనే ఆ వచనమునొద్ద ఆగితిమి.

మా అమ్మగారికి డెబ్బది యేండ్లు దాటినవి. మెదకు ప్రక్క పల్లెలో పుట్టి పెరిగినను పట్టణపు దేవాలయములను ఆమె చూడలేదు. కావున ఒక శనివారము తెల్లవారకముందే జీపు బాడుగకు మాటలాడుకొని, పులిహోర మూట కట్టుకొని, పిల్లలతో కూడ ఏడుగురము బయలుదేరితిమి.

ఆబిడ్సు చేరునప్పటికి తుంపర పడుచుండెను. ఆ పేటకు ఆ పేరెట్లు వచ్చినదని పిల్లలడిగిరి. ఆరవ నిజాము మహబూబు అలీఖాను కొలువులో ఆల్బర్టు ఆబిద్ అను ఆర్మీనియా జాతివాడుండెను. అతడు పెట్టిన అంగడి పేరే పేటకు నిలిచినది. ప్రక్కనున్న గన్‌ఫౌండ్రీ సంగతియు అట్టిదే; 18వ శతాబ్దము చివర రేమండు అను ఫ్రెంచివాడు అక్కడ ఫిరంగులు పోతపోయించెను. పరదేశుల గురుతులు ఆ వీధులకు ఎంత సుళువుగా అంటుకొన్నవో!

1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు చర్చిని చూచిన మా కన్నులకు సెయింటు జార్జి దేవాలయము చిన్నదిగానే తోచెను. అమ్మగారు మాత్రము గోడను చేతితో తాకి చాలసేపు నిలువబడిరి. రోమను కథోలికుల సెయింటు జోసెఫు దేవాలయపు జంట గోపురములను, 1935లో రాతితో కట్టిన మొజంజాహీ మార్కెట్టు గడియారమును జీపులోనుండియే చూచితిమి. పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియములో ఐగుప్తు దేశపు మమ్మీ యున్నదని విని పిల్లలు దానికొరకే తొందరపడుచుండిరి.

నాంపల్లి స్టేషను దాటకమునుపే వాన కుండపోతగా పట్టుకొనెను. వీధి కాలువవలె పారెను. జీపు ఆగిపోయెను. అమ్మగారిని చెరియొక ప్రక్క పట్టుకొని, పిల్లలను నడిపించుకొనుచు యూసుఫైన్ దర్గా సందులో ఒక రేకు క్రింద చేరితిమి. అది దర్గాకు వచ్చువారికి గులాబీలమ్ము చిన్న దుకాణము. అందున్న ముసలాయన ఉర్దూలో ఏమో చెప్పుచు పూలబుట్టలను ఒకదానిపై నొకటి పెట్టి మాకు లోపల చోటు చేసెను. ఎండు తువ్వాల ఇచ్చెను. ఎదుటి హోటలునుండి చాయి తెప్పించెను. బుట్టలకు వాన తగులుచున్నను లెక్కచేయలేదు. మాది ఏ ఊరు, ఏ కులము, ఏ మతము అని అడుగలేదు.

వాన తగ్గువరకు ఆయన ఒక కథ చెప్పగా, తెలుగు వచ్చిన మనుమడు మాకు తెలియజెప్పెను. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినప్పుడు ఒక రాత్రి గాలివానకు డేరాలన్నియు కూలి దీపములన్నియు ఆరిపోయెనట. యూసుఫు, షరీఫు అను ఇద్దరు సిపాయిల డేరాలో మాత్రము దీపము వెలుగుచుండెనట. ఆ యిద్దరి సమాధులే ఆ దర్గాలో ఉన్నవి. మా పెద్దవాడు బడిలో చదివిన మూసీ వరద సంగతి అందుకొనెను. 1908 సెప్టెంబరు 28న సుమారు 15,000 మంది చనిపోయిరి. ఒక చింతచెట్టు నెక్కి 150 మంది బ్రదికిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికిని ఉన్నది. ఆ కొమ్మల మీద ఎవరి ప్రక్క ఎవరు కూర్చుండిరో ఆ రాత్రి ఎవరడిగిరి?

అప్పుడు అమ్మగారు మెల్లగా, "బిడ్డా, ఆనాడు మన వసారల జాగ ఉండె గద" అనిరి.

పిల్లలకు అర్థము కాలేదు, మాకు అర్థమాయెను. అంతకుముందటి యేడు వానరాత్రి గొఱ్ఱెలతో వలసపోవు కాపరి యొకడు, చంటిబిడ్డనెత్తుకొన్న భార్యతో మా వాకిట నిలిచి చోటడిగెను. వసారాలో గడ్డి యున్నదనియు, బడికి పొమ్మనియు చెప్పి తలుపు వేసికొంటిమి. బడికి తాళము వేసియుండునని మాకు తెలియును. మరునాడు ఆదివారము; ఆరాధనకు వెళ్లి ముందు బల్లమీదనే కూర్చుంటిమి.

ఇంటికి వచ్చి ఈ వచనమును మరల చదివితిమి. లూకా ఇక్కడ "మేము" అనియే వ్రాయుచున్నాడు. తడిసినవారిలో తానును ఒకడు. ద్వీపవాసులను అనాగరికులని మన తెలుగు బైబిలు చెప్పుచున్నది. గ్రీకు మాటకు అర్థము గ్రీకుభాష మాటలాడనివారని. వారు వీరిని చేర్చుకొనుటకు లూకా చెప్పిన కారణము వర్షమును చలియు మాత్రమే. వచ్చినవారిలో ఖైదీలున్నారు, సిపాయిలున్నారు, ఏరివేత లేదు. మరియొక సంగతి. వానలో తడి కట్టె మండదని పల్లెలోనున్న మనకు తెలియును. ఎవరో తమ యింట దాచుకొన్న ఎండు కట్టెలు తెచ్చియుందురని మేము తలంచుచున్నాము. అంతమందికి ఎన్ని మోపులు కావలెను! వారు తప్పులేనివారు కారు. పాము కరచినవాడు నరహంతకుడని తొందరపడి తీర్పు తీర్చిరి. ఐనను అప్పటికే మంట వేసియుండిరి. పౌలును ఊరక కూర్చుండక పుల్లలేరెను.

మమ్మీని చూడలేదని పిల్లలు దారిపొడుగున అలిగిరి. ముసలాయన డబ్బు తీసికొనలేదు. అమ్మగారు పులిహోర మూట ఇయ్యగా మాత్రము రెండు చేతుల పుచ్చుకొనెను. ఊరు చేరునప్పటికి రాత్రి పదకొండు. వాన ఇంకను వెలియలేదు. అమ్మగారు తడిచీర మార్చుకొనకముందే లాంతరు తెమ్మని, వసారాలోని గడ్డిమోపులను ఒక మూలకు జరిపించిరి.