తుఫాను వేళ పసిబిడ్డకు పాలడబ్బా వద్దు

ఆశ్వయుజ, కార్తీక మాసాలు వచ్చాయంటే మా నెల్లూరు తీరవాసుల మనస్సు సముద్రం మీదనే ఉంటుంది. 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన పెను తుఫానును, 2004 డిసెంబరు 26 నాటి సునామీని, 2021 నవంబరులో పెన్న పొంగిన వరదను ఇక్కడివారు మరువలేదు. అటువంటి వేళ దయగల గృహస్థులు బియ్యం, బట్టలతో పాటు పాలపొడి డబ్బాలు, పాలసీసాలు కూడా పంపబోతారు. ఈ చివరి రెండింటిని గురించే నా మనవి.

భయపడిన తల్లికి పాలు ఇంకిపోతాయని మనవారి నమ్మకం. ఇందులో కొంత సత్యం లేకపోలేదు. క్రోధశోకాల వలన స్తన్యం తగ్గుతుందని సుశ్రుతుడు చెప్పాడు. అయితే బిడ్డపై ఎడతెగని వాత్సల్యమే పాలు స్రవించడానికి కారణమని చెప్పినదీ ఆయనే. నేటి శాస్త్రమూ ఇదే అంటుంది. భయం వలన పాలు చేపడం కొంతసేపు ఆగవచ్చును గాని, పాలు ఊరడం ఆగిపోదు. తల్లి బిడ్డను ఒడిలోకి తీసుకొని మాటిమాటికీ పట్టిస్తే పాలు మరల చేపుతాయి.

ఆ సమయంలో డబ్బాపాలు పట్టిస్తే ఏమవుతుంది? బావులలో ఉప్పునీరు, మురుగునీరు చేరి ఉంటాయి. సీసా మరిగించడానికి పొయ్యి ఉండదు. బిడ్డకు అతిసారం పట్టుకుంటుంది. బిడ్డ చీకనందున తల్లిపాలు తగ్గుతాయి. డబ్బా అయిపోయిన నాడు రెండూ ఉండవు.

ఈ ప్రమాదాన్ని లోకం ఎన్నడో గుర్తించింది. తల్లిపాలకు బదులుగా అమ్మే వస్తువుల ప్రచారాన్ని అదుపు చేస్తూ 1981లో ప్రపంచ ఆరోగ్య సభ అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. దానిననుసరించి మన దేశం 1992లో చట్టం చేసి, 2003లో సవరించింది. దాని ప్రకారం పాలపొడిని, పాలసీసాలను అనాథాశ్రమాలకు తప్ప ఇతరులకు దానం చేయరాదు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

మరి ఏమి చేయాలి? పాలిచ్చే తల్లికి మొదట అన్నం, పప్పు, శుభ్రమైన నీరు అందించండి. మరుగుగల చోటు చూపండి. బిడ్డకు పగలూ రాత్రీ కలిపి ఎనిమిది నుండి పన్నెండు సార్లు పాలు పట్టించమనండి. మెంతులు, వెల్లుల్లి, పిల్లపీచర వంటివి ఆ తరువాతి మాట. ఆరు నెలలు నిండేవరకు నీరు, తేనె కూడా వద్దు. తేనెను ఏడాది నిండేవరకు నాకించరాదు. ఆరవ మాసంలో లఘువైన, హితమైన అన్నం పెట్టమన్నాడు సుశ్రుతుడు. ఆరు నెలలు నిండాక మెత్తని పప్పన్నం మొదలుపెట్టి, రెండేళ్లు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించమని 2002 నాటి ప్రపంచ వ్యూహం చెబుతోంది.

తల్లి లేని శిశువుకు, తల్లి పాలివ్వలేని స్థితిలో ఉన్న శిశువుకు పోతపాలు తప్పవు. వాటిని వైద్యుల పర్యవేక్షణలో, కాచిన నీటితో కలిపి, సీసాతో కాక మన ఉగ్గుగిన్నెతోనే పట్టాలి.

కనుక ఈసారి తుఫాను సాయం మూట కట్టేటప్పుడు పాలడబ్బాకు బదులు ఆ తల్లికి కందిపప్పు, బెల్లం, మంచినీరు పెట్టి పంపండి.