ఒకే గాజు పెట్టెలో రెండు రకాల బల్లులా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయి బియర్డెడ్ డ్రాగన్‌ను పెంచుతున్నాడు. ఇప్పుడు లెపర్డ్ గెక్కో కూడా కావాలంటున్నాడు. పెట్టె పెద్దదే. రెండింటినీ కలిపి ఉంచవచ్చా?

జవాబు: వద్దండి. పెట్టె ఎంత పెద్దదైనా వాటి అవసరాలు ఒకచోట కుదరవు. ఆస్ట్రేలియా పొడి నేలలకు చెందిన డ్రాగన్ పగలు తిరుగుతుంది. అది వేడి కాచుకునే చోట దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, బలమైన యూవీబీ దీపం కావాలి. గెక్కో పగలు దాక్కుని మునిమాపు వేళ బయటికొస్తుంది. దానికి 32 డిగ్రీల దగ్గర వెచ్చని చోటు చాలు.

రెండడుగుల దాకా పెరిగే డ్రాగన్ చిన్న గెక్కోను కరవచ్చు, మింగేయనూ వచ్చు. కొట్లాట లేదని స్నేహం అనుకోకండి. బెదిరిన గెక్కో మేత మాని నక్కి ఉంటుంది.

అన్నిటికన్నా భయపడాల్సింది రోగాలకు. గెక్కోలను చిక్కి శల్యమయ్యేలా చేసే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మలం ద్వారా వ్యాపిస్తుంది. పైకి ఆరోగ్యంగా ఉన్న జీవిలోనూ అది ఉండవచ్చు, నమ్మకమైన మందు లేదు.

గెక్కోను తెచ్చేట్టయితే దానికి పెట్టె, పాత్రలు, పటకారు అన్నీ వేరుగా ఉండాలి. మొదటి మూడు నెలలు వేరే గదిలో ఉంచి, సరీసృపాలను చూసే పశువైద్యుడితో మలపరీక్ష చేయించండి. దేన్ని తాకినా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వీటి నుంచి సాల్మొనెల్లా బ్యాక్టీరియా మనుషులకూ అంటుతుంది. రెండో పెట్టెకు చోటు లేకపోతే గెక్కోను తేకపోవడమే మేలు.