లగ్గం ఎప్పుడు పెట్టుకుందాం?

సిద్దిపేట

బిడ్డా,

వద్దు. నువ్వు పెట్టిన తేదీలకు నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను, అలగకుండా చివరిదాకా చదువు.

నువ్వు పంపిన పట్టీ చూశాను. ఫోన్‌లో ఏదో యాప్ ఇచ్చిన శుభముహూర్తాలన్నీ దింపుకొని, ఆదివారం ఉన్న చోటల్లా టిక్కు పెట్టావు. ఇంత చదువుకొని ఇదేం పని? ఆ పట్టీ లోకానికంతటికీ ఒక్కటే. నీది రోహిణి, అబ్బాయిది స్వాతి అని దానికేం తెలుసు? జన్మ నక్షత్రం నుంచి ఆనాటి నక్షత్రం దాకా లెక్కపెట్టి, 9తో భాగించి, మిగిలింది చూడాలి. 3 మిగిలితే విపత్తార, 5 అయితే ప్రత్యక్తార, 7 అయితే నైధన తార. ఈ మూడూ పెండ్లికి పనికిరావు. నీ మొదటి టిక్కు ఉత్తర ఫల్గుణి నాడు పడింది. రోహిణి నుంచి ఉత్తర 9వది, నీకు పరమ మైత్రం. స్వాతి నుంచి లెక్కపెడితే 25, అంటే 7 మిగిలి అబ్బాయికి నైధనం. ఒకరికి అంత మంచి రోజు ఇంకొకరికి కాకుండా పోయింది చూశావా? అదే రేవతి అనుకో. నీకు 24వది, 6 మిగిలి సాధన తార. అబ్బాయికి 13వది, 4 మిగిలి క్షేమ తార. ఇద్దరికీ కుదిరింది. పైగా అది వివాహ నక్షత్రాల్లో ఒకటి, మాఘ శుద్ధంలో శ్రీపంచమి దరిదాపుల్లోనే వస్తుంది. నా చూపు అటే ఉంది. లగ్న శుద్ధి, మిగతావన్నీ అయ్యగారు తేలుస్తారు, వాటి జోలికి నువ్వు పోకు.

రోజులు ఎందుకిలా తక్కువ పడతాయని అడిగావు. గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరైపోయి కనిపించకుండా పోయిన రోజులే మూఢం. 2025 నవంబరు 26న మొదలైన శుక్ర మూఢం 2026 ఫిబ్రవరి 17 దాకా నడిచింది, ఆ ఏడు మాఘంలో పెండ్లిళ్లే లేవు. తర్వాత మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, అప్పుడూ లగ్గాలు లేవు. మిగిలిన కొద్ది రోజుల్లో అందరి లగ్గాలూ ఒక్కచోటే పడతాయి. అదే అయ్యగారు, అదే బ్యాండు, అదే వంటమనిషి, అవే లాడ్జి గదులు. మనకు కావలసినవి ముప్ఫై గదులే కావచ్చు, కానీ అలాంటి రోజున ఊళ్లో మూడు గదులు దొరకడమే గగనం. ముహూర్తాలు ఎక్కువున్న నెల పట్టుకొని, అందులో జనం ఎగబడని రోజు వెతకడం తెలివి.

ఇప్పుడు అసలు మాట. నువ్వు డెబ్బై మందితో పెండ్లి అంటున్నావు, రంగనాయక సాగర్ దగ్గరి మామిడి తోటలో. బాగుంది, నాకూ ఇష్టమే. కానీ చిన్న పెండ్లికి తేదీ పెట్టడమే కష్టం బిడ్డా. వెయ్యిమంది పెండ్లిలో ఇరవైమంది రాకపోయినా బంతిలో ఎవరికీ తెలియదు. డెబ్బై మందిలో నీ మేనమామ లేకపోతే ఆ వెలితి పందిరంతా కనిపిస్తుంది. నిన్ను బుట్టలో కూర్చోబెట్టి తెచ్చే మనిషి లేకుండా ఏం పెండ్లి? అందుకే క్యాలెండరు ముట్టుకోకముందే, ఎవరు లేకుంటే ఈ లగ్గం జరగదో వాళ్ల పేర్లు రాసుకోవాలి. పదికి మించవు. వాళ్లలో ఒక్కొక్కరినీ, ‘ఏ రోజులు అసలే కుదరవు?’ అని అడగాలి. ‘ఎప్పుడు కుదురుతుంది?’ అని అడిగావా, ‘నువ్వెప్పుడంటే అప్పుడే బిడ్డా’ అంటారు, తీరా ఆ రోజు తంటాలు పడతారు. కుదరని రోజులు తీసేశాక మిగిలినవాటినే అయ్యగారి ముందు పెట్టాలి. ముందు ముహూర్తం పెట్టించుకొని, తర్వాత మనుషులను దానికి సర్దమని బతిమాలడం నాకు ఎప్పుడూ నచ్చదు. ఈ మాట నీ అమ్మ పెండ్లప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

మేనమామది వ్యవసాయం, మరచిపోకు. యాసంగి వరి ఏప్రిల్‌లో కోతకొస్తుంది. మే దాకా వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసి, మబ్బు పట్టినప్పుడల్లా టార్పాలిన్ పట్టుకొని ఉరకాలి. 2023 ఏప్రిల్‌లో వడగండ్లకు సిద్దిపేట చుట్టుపక్కల వరి ఎట్లా రాలిపోయిందో అందరం చూశాం. ఆ నెలల్లో ఆయన పట్టుబట్టలు కట్టుకొని కూర్చున్నా మనసు కల్లంలోనే ఉంటుంది. మాఘానికైతే నాట్లు అయిపోయి పొలం పచ్చగా ఉంటుంది, ఎండా ముదరదు. మార్చి వద్దు, ఇంటర్, పదో తరగతి పరీక్షలు. నీ చెల్లెలు లేకుండా మైలపోలు తీస్తావా?

ఇక నీ ఆదివారం. హైదరాబాద్ స్నేహితులకు సెలవు ఉంటుందని నువ్వు అనుకున్నది నాకు అర్థమైంది. కానీ సంక్రాంతి తర్వాతి మొదటి ఆదివారం, పట్నం వారం నుంచి ఉగాది దాకా మా దిక్కు ఆదివారాలు కొమురవెల్లి మల్లన్నవి. శనివారం రాత్రికే బోనాలతో, పట్నాలు వేయించుకునేవాళ్లతో బండ్లు బయలుదేరతాయి. రాజీవ్ రహదారి మీద కొమురవెల్లి కమాను దగ్గర నీ స్నేహితులు జాతరలో ఇరుక్కుంటే తలంబ్రాల వేళకు చేరరు. మంగళవారం ఎలాగూ పెట్టరు. బుధ, గురు, శుక్రవారాల్లో చూద్దాం. 2023 అక్టోబరు నుంచి సిద్దిపేటకు రైలు కూడా ఉంది. నీ కోసం ఒక్కరోజు సెలవు పెట్టలేని స్నేహితురాలికి ఆ డెబ్బై మందిలో చోటెందుకో నువ్వే ఆలోచించుకో.

అయ్యగారు అర్ధరాత్రి లగ్నం పెడతారేమోనన్న దిగులు నీకు వద్దు, ఆ సంగతి నేను మాట్లాడతాను. రెండు గంటలకొక లగ్నం మారుతుంది, రోజుకు పన్నెండు. పగటిపూట ఒక్కటీ పనికిరాదా అని అయ్యగారిని అడగడం తప్పు కాదు. భద్రాచలంలో రామయ్య కల్యాణం మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నంలోనే జరుగుతుంది. తెల్లవారుజామున చలిలో అమ్మమ్మను లేపి కూర్చోబెట్టి, జీలకర్ర బెల్లం పెట్టేసరికి ఆమె కునికిపాట్లు పడుతుంటే ఆ ఫోటో నువ్వు చూసుకోగలవా?

తోటవాళ్లకు ఇంకా బయానా ఇవ్వకు. మైలపోలు ముందురోజు, సత్యనారాయణ వ్రతం తర్వాతి రోజు, కాబట్టి మూడు రోజులూ తోట ఖాళీగా ఉందో లేదో అడిగి మాత్రం పెట్టు. మన వైపు పేర్లు నేను రాసి ఉంచాను. అబ్బాయి వాళ్ల వైపు ఎవరెవరు తప్పక ఉండాలో వాళ్ల అమ్మగారిని అడిగి పంపమని పోయిన వారమే చెప్పాను, ఇంకా రాలేదు. అవి చేతికి వచ్చాకే అయ్యగారి దగ్గరికి పోతాను.

నీ పెద్దమ్మ