శీతమునకు ముందటి సేద్యము

ఇంగ్లండు దేశమున అక్టోబరు చివరి ఆదివారమున గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పిన పిదప, నాలుగున్నర గంటలకే ప్రొద్దు గ్రుంకి, ఆకులు రాలిన వృక్షముల నడుమ చలిగాలి వీచుచుండగా, లోకులెల్లరు తలుపులు మూసికొని యిండ్లలో కూర్చుండు ఆ దినములలోనే, పురపాలకుల యొద్ద అద్దెకు గైకొన్న చిన్న మడులలో కొందరు మోకాళ్లపై నిలిచి వెల్లుల్లి రెబ్బలను నాటుచుందురు. ఈ మడులను వారు అలాట్‌మెంట్లందురు. ప్రజలు కోరినచో స్థానిక పాలకసంస్థలు వీనిని సమకూర్పవలెనని 1908వ సంవత్సరపు శాసనము విధించినది; పూర్తి మడి 10 రాడ్లు, అనగా ఇంచుమించు 250 చదరపు మీటర్లు. అంతటి స్వల్పక్షేత్రమున, ఫలముల కాలము గడచిపోయిన వెనుక, ఆ మనుష్యులు చేయు పనిలో, వ్యక్తిత్వమును తీర్చిదిద్దుకొనగోరువారు శ్రద్ధతో పరిశీలింపదగిన గుణమొకటి కలదు.

వెల్లుల్లి స్వభావము విచిత్రమైనది. కొన పైకుండునట్లు, సుమారు 15 సెంటీమీటర్ల ఎడముతో నాటిన రెబ్బ, ఒకటి రెండు నెలలపాటు 10 డిగ్రీలకు లోబడిన చలిని అనుభవింపవలెను. ఆ చలి చాలనిచో, మరుసటి వేసవిలో త్రవ్వి చూడగా, రెబ్బలుగా విడివడక ఒకే గుండ్రని గడ్డగా నిలిచిపోవుట కలదు. మన దేశమునను ఇది ప్రధానముగా శీతకాలపు పంటయే. కష్టకాలము గడచిన తరువాత చదువు ప్రారంభింతుమని, మనస్సు కుదుటబడిన తరువాత వృత్తి నేర్తుమని వాయిదా వేయువారు, ఆ చలి యంతయు పోనిచ్చి పిదప రెబ్బను చేతబట్టిన వారగుదురు.

అయినను, కష్టములన్నియు మేలే చేయునను మాటను నేనంగీకరింపజాలను. దుఃఖమునందున్న వానితో అట్లు పలుకుట క్రూరత్వమని నా నమ్మకము. వెల్లుల్లి చలికి తాళును గాని నీటి నిలువకు తాళదు. బంకమన్ను గల మడిలో వాననీరు నిలిచినచో రెబ్బ కుళ్లిపోవును. అందుచేతనే తెలిసినవారు మట్టిని గట్లుగా ఎత్తి వానిపై నాటుదురు. బాల్కనీలో కుండీలు మాత్రమే కలవారికిని ఇదే జాగ్రత్త. తులిప్ పూల దుంపలను నవంబరులో నాటుట ఇంగ్లండున వాడుక, ఏలయన మన్ను చల్లబడిన వెనుక వానికి బూజు తెగులు సోకుట తగ్గును. కాని కుండీ అడుగు రంధ్రము మూసికొనిపోయినచో, తడిసిన మన్ను రాత్రివేళ గడ్డకట్టి ఉబ్బి మట్టికుండీనే పగులగొట్టగలదు. క్రింద ఇటుక ముక్కలుంచి కుండీని నేలనుండి కొంచెము ఎత్తినచో నీరు జారిపోవును. ఎంత చిన్న పని! చలిని ఆపుట ఎవరి వశమునను లేదు. నీటిని సాగనంపుట అందరి వశమునను కలదు.

ఈ వివేకమే మనోనిగ్రహమునకు మూలమని నేను తలంచుచున్నాను. పరీక్షలో తప్పిన విద్యార్థికి కలుగు బాధ ఆ చలివంటిది. అది ఉండవలసినంత కాలముండును, దానిని పరిహాసముతో గాని ఉపదేశముతో గాని పోగొట్టజూచుట వ్యర్థము. ఫలితమును తలిదండ్రులకు దాచుట, రాత్రులు మేల్కొని పగలు నిద్రించుట, మిత్రులను తప్పించుకొని తిరుగుట, ఇవియో నిలిచిన నీరు. పుస్తకము తెరచుటకు దుఃఖము తీరునంతవరకు వేచియుండ నక్కరలేదు. అట్టి బాలుడు నన్నడిగినచో నేను చెప్పునది ఇంతే: నాయనా, ఈ సాయంకాలమే అమ్మతో మాటలాడుము; మరల పరీక్షకు రుసుము చెల్లించు గడువు ఎప్పటివరకో కనుగొనుము; తప్పిన విషయమున మొదటి పాఠమును, అర్థమైనను కాకున్నను, రేపటి ఉదయముననే చదువ మొదలిడుము.