చివరి రౌండు దాకా ఆడు

జువ్వలదిన్నె

మనవడికి,

నెల్లూరు చదరంగం టోర్నమెంటులో ఇవాళ నువ్వు ఓడిన ఆట స్కోర్‌షీటు మీ నాన్న ఫోనులో పంపాడు. బోర్డు పరిచి ఒక్కో ఎత్తూ ఆడి చూశాను. మొదలు ముచ్చటగా ఉంది. మధ్యలో తొందరపడి బంటు పోగొట్టుకున్నావు, పోనీ. చివరికి చెరో ఏనుగు మిగిలింది, నీకు మూడు బంట్లు, ఆ అబ్బాయికి నాలుగు, అన్నీ ఒకే వైపు. జాగ్రత్తగా ఆడితే అది డ్రా అయ్యే ముగింపు నాయనా! గడియారంలో ఇంకా 20 నిమిషాలున్నట్టు షీటు అంచున నువ్వే రాసుకున్నావు. అయినా రెజైన్ చేసేశావు. పైగా మిగతా రౌండ్లు ఆడనంటున్నావట. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

ఒక సంగతి చెబుతా విను. 2025 ఫిబ్రవరి 2న నెదర్లాండ్స్‌లో టాటా స్టీల్ టోర్నమెంటు చివరి రౌండు జరిగింది. మన వరంగల్ అర్జున్ ఇరిగేశి అప్పటికి పట్టికలో బాగా కిందున్నాడు, టైటిల్ ఆశ ఎప్పుడో పోయింది. ఎదురుగా గుకేశ్. చెన్నైలో పెరిగిన తెలుగింటి కుర్రాడే, ప్రపంచ విజేత అయి రెండు నెలలు నిండలేదు, ప్రజ్ఞానందతో కలిసి అగ్రస్థానంలో ఉన్నాడు. అర్జున్ ఆ ఆట గెలిచాడు. అదే రోజు ప్రజ్ఞానంద కూడా ఓడాడు కాబట్టి, గుకేశ్‌కి డ్రా దక్కినా టైటిల్ వచ్చేసేది. ఇద్దరూ సమానమై, టైబ్రేక్‌లో ప్రజ్ఞానంద గెలిచాడు. తనకేమీ మిగలని రౌండులో అర్జున్ అంత గట్టిగా ఆడాడు చూడు, అది నాకెంతో గొప్పగా అనిపిస్తుంది. కోనేరు హంపి కూడా అంతే. 2024 డిసెంబరులో న్యూయార్క్ ర్యాపిడ్ పోటీలో మొదటి రౌండే ఓడి, 11 రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లు తెచ్చి ప్రపంచ విజేత అయింది.

ఈ రాత్రి చెస్ ఇంజిన్ తెరవొద్దు. ఏ ఎత్తు దగ్గర నీకు భయం పట్టుకుందో ముందు నీ చేత్తో రాసుకో. వీలు చూసుకుని ఆ అబ్బాయినే పిలిచి, ఇద్దరూ కలిసి ఆట మళ్లీ పేర్చి చూడండి. ఇవాళ నీ ఆట గురించి వాడికి తెలిసినంత ఆ హాల్లో ఇంకెవరికీ తెలీదు.

ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం, పడవలన్నీ హార్బర్లోనే ఉంటాయి, నాకూ తీరికే. సెలవులకు రా, ఏనుగుల ముగింపులు ఆడదాం. రేపు మాత్రం రౌండు వేళకు వెళ్లి నీ బోర్డు దగ్గర కూర్చో.

మీ తాత