గచ్చు కింద చెమ్మ, చీటీ మీద లెక్క

వానాకాలంలో కొన్ని ఇళ్లలో నేల చెమ్మగిల్లుతుంది. చాప తీస్తే కింద తడి కనిపిస్తుంది. బియ్యం బస్తా అడుగు బూజు పడుతుంది. గోడ మోకాలి ఎత్తు దాకా నల్లబడుతుంది. సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. తెల్లగా ఉప్పు తేలుతుంది.

పైకప్పు కారడం లేదు. మరి ఈ నీళ్లు ఎక్కడివి?

దీపం వత్తిని చూడండి. నూనె ప్రమిదలో కింద ఉంటుంది. మంట పైన ఉంటుంది. నూనెను వత్తి పైకి లాగుతుంది. ఇటుక కూడా అంతే. మట్టిలో ఉన్న నీటిని మెల్లగా పైకి లాగుతుంది. ఇలా గోడలో రెండు మూడు అడుగుల ఎత్తు దాకా చెమ్మ ఎక్కుతుంది. గచ్చు కింద మట్టి తడిగా ఉంటే గచ్చు కూడా ఆ తడి పీల్చుకుంటుంది. చెమ్మ ఉన్నచోటికి చెదలు వస్తాయి. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, ఆయాసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. ఇంట్లో చంటిపిల్లలు, ముసలివాళ్లు ఉంటే ఇది చిన్న సంగతి కాదు.

కృష్ణా డెల్టాలో ఒక ఊరు అనుకుందాం. నల్లరేగడి నేల. పక్కనే కాలవ. ఆ ఊళ్లో ఒక అత్తా కోడలు. వాళ్ల ఇల్లు కట్టినప్పుడు రోడ్డు కంటే ఎత్తుగానే ఉంది. తర్వాత రోడ్డు రెండుసార్లు వేశారు. వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరిగింది. ఇల్లు పెరగదు కదా! ఇప్పుడు వాననీళ్లు రోడ్డు మీద నుంచి ఇంటి గోడకే వస్తున్నాయి.

కోడలు ముందు ఒక పరీక్ష చేసింది. రెండు అడుగుల ప్లాస్టిక్ కాగితం తెచ్చింది. గచ్చు మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో అతికించింది. రెండు రోజులు అలాగే వదిలేసింది. మూడో రోజు తీసి చూస్తే కాగితం అడుగున నీటి బొట్లు. అంటే చెమ్మ నేలలో నుంచి వస్తోంది. బొట్లు కాగితం పైన ఉంటే అది గాలిలో తేమ. అప్పుడు కిటికీలు తీసి గాలి ఆడనిస్తే చాలు. ఈ పరీక్షకు పట్టుమని పది రూపాయలు కూడా కావు. మేస్త్రిని పిలవక ముందే చేసుకోవాలి.

తర్వాత మేస్త్రి వచ్చాడు. గది చూశాడు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. చీటీ రాసి ఇచ్చాడు. (ఈ పాఠంలో ధరలు లెక్క నేర్చుకోవడానికి పెట్టినవి. మీ ఊరి ధర మీరు అడిగి రాసుకోండి.)

సిమెంటు 10 బస్తాలు – 3,500
ఇసుక ఒక ట్రక్కు – 4,000
కంకర – 1,500
మేస్త్రి కూలి 5 రోజులు – 5,000
మగ కూలీ 700, ఆడ కూలీ 500, 5 రోజులు – 6,000
మొత్తం – 22,000

కోడలు చీటీ చదివింది. ఒకటికి రెండుసార్లు కూడింది. 20,000 వచ్చింది.

"మేస్త్రి గారూ, ఈ రెండు వేలు ఎక్కడివి?"

"గుత్త పని కదా చెల్లెమ్మా. దగ్గరుండి చూసుకోవాలి. దానికి."

"గుత్త అంటే గుత్తే మాట్లాడుకుందాం. రోజు కూలి అంటే రోజు కూలే. రెండూ కలిపితే ఎలా?"

మేస్త్రి నవ్వేశాడు. రోజు కూలికే ఒప్పుకున్నాడు.

"పది బస్తాలు దేనికి? విడివిడిగా చెప్పండి."

"ఆరు నేలకి. నాలుగు గోడలకి. చెమ్మ ఉన్నచోట సిమెంటు పూత కొట్టేస్తాను. కనపడదు."

నిజమే, కొన్నాళ్లు కనపడదు. కాని గోడలో నీళ్లు ఉన్నాయి. అవి బయటికి పోవాలి. సిమెంటు పూత దారి మూసేస్తుంది. అప్పుడు నీళ్లు పూత దాటి ఇంకా పైకి ఎక్కుతాయి. మోకాలి ఎత్తున ఉన్న మరక నడుము ఎత్తుకు వస్తుంది. చాలా ఇళ్లలో డబ్బు పోయేది ఇక్కడే. పాడైన పూతను మరక మీద ఒక అడుగు దాకా చెక్కేయాలి. తేలిన ఉప్పును పొడి చీపురుతోనే దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ గోడలోకే పోతుంది. ఆ తర్వాత గోడను ఆరనివ్వాలి. ఆరడానికి నెలలు పడుతుంది. ఆరిన తర్వాత సున్నం వేసుకోవచ్చు. సున్నం గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది.

గోడ పూత మానేస్తే నాలుగు బస్తాలు తగ్గాయి. రెండు రోజుల కూలి తగ్గింది. ఇసుక అర ట్రక్కు చాలు. కాని చీటీలో ఒకటి లేనే లేదు. అది ప్లాస్టిక్ షీటు.

నేల పని ఇలా చేస్తారు. పాత గచ్చు తీసి ఆరు అంగుళాల లోతు తవ్వుతారు. తవ్వకుండా మెరక చేసి ఎత్తు పెంచితే గుమ్మం దగ్గర తల తగులుతుంది. అడుగు మట్టిని దిమ్మిసతో గట్టిగా కొడతారు. దాని మీద రెండు అంగుళాల ఇసుక. ఇసుక మీద మందపాటి ప్లాస్టిక్ షీటు. షీటు మీద మూడు అంగుళాల కంకర సిమెంటు. పైన ఒక అంగుళం గచ్చు. ఇందులో చెమ్మను ఆపేది షీటు ఒక్కటే. అమెరికాలో కొన్ని ఇళ్లకు నేల కింద మనిషి పాకేంత ఖాళీ వదులుతారు. అక్కడ కూడా ఆ ఖాళీలో మట్టి మీద ఇలాంటి షీటే పరుస్తారు.

షీటు గది కంటే పెద్దదిగా కొనాలి. నాలుగు పక్కలా గోడ మీదికి అర అడుగు మడవాలి. రెండు ముక్కలు కలపాల్సి వస్తే ఒకదాని మీద ఒకటి ఒక అడుగు ఎక్కించి అతికించాలి.

ఇక కూలి సంగతి. "ఆవిడకి ఐదు వందలేంటి? తట్ట ఇద్దరూ మోస్తారుగా?" అంది కోడలు. సమాన పనికి సమాన కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం చేశారు. అయినా చీటీల్లో తేడా అలాగే రాస్తున్నారు. అత్త గొణిగింది.

"మనకే లేక చస్తుంటే ఊరి సంగతి నీకెందుకే?"

"మొన్న చేలో మీకు తక్కువిస్తే మీరేమన్నారు అత్తయ్యా?"

అత్త మాట్లాడలేదు. ఇద్దరికీ 700 రాశారు. మూడు రోజులకు 600 రూపాయలు ఎక్కువైంది.

కొత్త చీటీ ఇలా వచ్చింది. సిమెంటు ఆరు బస్తాలు 2,100. అర ట్రక్కు ఇసుక 2,000. కంకర 1,500. షీటు 900. మేస్త్రికి మూడు రోజులు 3,000. కూలీలిద్దరికీ 4,200. మొత్తం 13,700. మొదటి చీటీకీ దీనికీ 8,300 తేడా.

పొదుపు డబ్బు 7,400 ఉంది. అందులో 1,000 ముందే వేరే పనికి ఖర్చు పెట్టారు. ఆ పని నేల పని కంటే ముఖ్యం. గోడకు ఆనుకుని ఉన్న మట్టి దిబ్బను అత్తా కోడలే తవ్వి తీసేశారు. స్నానం నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు గోడ పక్కనే పోతున్నాయి. గొట్టం వేసి దూరంగా ఇంకుడు గుంతలోకి మళ్లించారు. గోడ దగ్గర ఎత్తుగా, బయటికి వాలుగా మట్టి సర్దారు. బయట నీళ్లు ఆగకుండా లోపల షీటు వేసినా గోడ తడుస్తూనే ఉంటుంది. కొన్ని ఇళ్లకు ఈ వెయ్యి రూపాయల పనితోనే సగం చెమ్మ తగ్గుతుంది. అందుకే ఇది చేసి ఒక వానాకాలం చూడటం మంచిది.

వాళ్లు చూశారు. గోడ కొంచెం ఆరింది. నేల ఆరలేదు. సంక్రాంతి వెళ్లాక పని పెట్టుకున్నారు.

మిగిలినవి 6,400. ఇంకా 8,000 కావాలి. సంఘంలో రూపాయి వడ్డీ. నెలకు 800 అసలు కడితే పది నెలల్లో తీరుతుంది. అసలు తగ్గుతుంటే వడ్డీ కూడా తగ్గుతుంది. మొదటి నెల 80, రెండో నెల 72, చివరి నెల 8. పది నెలలకు మొత్తం 440. బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 240. అసలు చివర్లో కడదామనుకుంటే పది నెలలకు వడ్డీయే 2,400. తేడా 1,960. అంటే ఐదు బస్తాల సిమెంటు కంటే ఎక్కువ.

6,400, 8,000 కలిపితే 14,400. ఖర్చు పోను 700 చేతిలో ఉంచుకున్నారు. పని మధ్యలో ఏదో ఒకటి తక్కువ పడుతుంది. ఈ 700 కాస్త తక్కువే. ఇంకో వెయ్యి ఉంటే నిబ్బరంగా ఉండేది.

సిమెంటు కొనేటప్పుడు బస్తా మీద అచ్చు చదవాలి. తయారైన వారం, నెల, సంవత్సరం ఉంటాయి. మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది. షీటు పరిచాక చెప్పులతో తొక్కనివ్వకూడదు. కంకర పోసే ముందు ఇంటి ఆడవాళ్లే వంగి చూడాలి. చిల్లు ఉంటే అప్పుడే ముక్క అతికించాలి. కంకర పడ్డాక చిల్లు ఎవరికీ కనపడదు. గచ్చు గట్టిపడ్డాక వారం రోజులు నీళ్లు నిలబెట్టాలి. ఆ వారం పడక వసారాలోనే.

లెక్క చేయండి

1. మీ గది పొడవు, వెడల్పు కొలిచి రాయండి. రెండూ హెచ్చవేయండి. ఎన్ని చదరపు అడుగులు?

2. గది 9 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. నాలుగు పక్కలా అర అడుగు మడవాలి. షీటు ఎంత పొడవు, ఎంత వెడల్పు కొనాలి?

3. సంఘంలో 6,000 అప్పు. రూపాయి వడ్డీ. నెలకు 1,000 అసలు కడితే ఆరు నెలలకు వడ్డీ ఎంత?